సంస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు

హైదరాబాదు నగరమునకు ఈశాన్యదిక్కున కాప్రా అను ప్రాంతము కలదు. పూర్వమిది చెరువు నాశ్రయించిన చిన్న పల్లె. నేడు అచట ఏ. ఎస్. రావు నగరమను పెద్ద నివాసప్రాంతము వెలసినది. దానికి చేరువనే ఈ. సీ. ఐ. ఎల్. అను కర్మాగారమును, ఆ పేరనే పిలువబడు చౌరస్తాయును కలవు. ఒక మనుష్యుని పేరు ఒక పేటకును, ఒక సంస్థ పేరు ఒక కూడలికిని నిలుచుట సామాన్య విషయము కాదు. ఆ వృత్తాంతము తెలిసికొనదగినది.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరమున, నేటి పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపముననున్న మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, కొంతకాలము అచటనే అధ్యాపకులుగా నుండిరి. పిదప అమెరికా దేశమునకేగి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిరి. స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట, డాక్టరు హోమీ భాభా నాయకత్వమున బొంబాయిలో సాగుచున్న పరమాణుశక్తి కార్యక్రమమున చేరిరి.

ఆ పరిశోధనలకు మొదట కావలసినవి పరికరములు. పరమాణువులనుండి వెలువడు కిరణములు కంటికి కనబడవు, చేతికి తగులవు. వానిని లెక్కించుటకు ఎలక్ట్రానిక్ పరికరములు ఉండితీరవలెను. పరాయిదేశమునుండి కొన్న పరికరము చెడినచో బాగుచేయు నేర్పు కొన్నవానికి ఉండదు. కావున వానిని మనమే చేసికొనవలెనని భాభాగారు సంకల్పించిరి. ఆ పనికి రావుగారు నాయకులైరి.

ట్రాంబేలో నిర్మింపబడిన అప్సర అను రియాక్టరు 1956 ఆగస్టు 4వ తేదీన పనిచేయ నారంభించెను. దానికి ఇంధనము బ్రిటను దేశమునుండి వచ్చెను. నియంత్రణ వ్యవస్థను మాత్రము రావుగారి బృందమే నిర్మించెను. రియాక్టరులో జరుగు చర్యను ఎడతెగక కొలుచుచు, అది హద్దు మీరినచో నియంత్రణ కడ్డీలను తటాలున లోనికి దింపి ఆపివేయుట ఆ వ్యవస్థ చేయవలసిన పని. అందు ఒక్క తీగ అతుకు వదులైనను ప్రమాదమే. పటము గీచినవాడు, తీగలు అతికినవాడు, పరీక్షించినవాడు ముగ్గురును సమానముగ జాగరూకులైననే అట్టి యంత్రమును నమ్మవచ్చును. ఇది ఒక్కని తెలివితో నెరవేరు కార్యము కాదు.

1966 జనవరి 24వ తేదీన భాభాగారు విమానప్రమాదమున మరణించిరి. నాయకుడు పోగానే తలపెట్టిన పనులు మధ్యలో ఆగిపోవుట లోకమున చూచుచునే యున్నాము. ఇచట నట్లు జరుగలేదు. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన, ట్రాంబేలో నేర్చిన విద్యను పరిశ్రమగా మలచుటకై, హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. అదియే ఈ. సీ. ఐ. ఎల్. దానికి వ్యవస్థాపక మేనేజింగ్ డైరెక్టరు రావుగారే.

పరిశోధనాలయము వేరు, కర్మాగారము వేరు. ప్రయోగశాలలో ఒక యంత్రము పనిచేసిన చాలును. చేసినవాడు ప్రక్కనే నిలిచి దానిని సరిదిద్దుచుండవచ్చును. కర్మాగారమున నూరవ యంత్రమును మొదటిదానివలెనే పనిచేయవలెను. అది దూరప్రాంతమునకు పోయిన పిదప చేసినవాడు దానివెంట పోలేడు గదా! కావున ఇట్టి సంస్థను స్థాపించువాడు తన తలలోని తెలివిని కాగితము మీదికిని, కాగితమునుండి పదిమంది చేతులలోనికిని దింపవలెను. తనకు తప్ప ఇతరులకు తెలియని కీలకము పనిలో ఏదియు మిగులరాదు. అన్నియు తానే చేయువాడు గొప్ప పనివాడు కావచ్చును గాని, గొప్ప నాయకుడు కాజాలడు.

మరియు, తనిఖీ చేయువాని మాటకు విలువ యుండవలెను. “ఈ వస్తువు పనికిరాదు” అని చిన్న ఉద్యోగి నిర్భయముగ చెప్పగలిగిన చోటనే మంచి వస్తువు తయారగును. తొందరపడి ఆ మాటను త్రోసిపుచ్చు అధికారి ఒక దినమును మిగుల్చుకొని, సంస్థకున్న మంచిపేరును పోగొట్టుకొనును.

ఈ. సీ. ఐ. ఎల్. తయారుచేసిన వస్తువులు కాలముతోపాటు మారుచు వచ్చినవి. ట్రాంబే శాస్త్రజ్ఞులు రూపొందించిన టీ. డీ. సీ. 12 అను కంప్యూటరు 1969లో వెలువడెను. తరువాత ఈ. సీ. టీవీలు పెక్కు ఇండ్లలో ప్రవేశించినవి. నేడు ఆ టీవీలు అంగళ్లలో కానరావు. అయినను సంస్థ మూతపడలేదు. ఎన్నికలలో వాడు ఓటింగు యంత్రములను తయారుచేయు రెండు ప్రభుత్వరంగ సంస్థలలో ఇది యొకటి. వస్తువు పాతబడును గాని, చేతులకు పట్టుబడిన నేర్పు పాతబడదు.

రావుగారిని భారతప్రభుత్వము 1972లో పద్మభూషణ్ బిరుదముతో గౌరవించెను. 2003లో ఆయన పరలోకగతులైరి. ఐదేండ్ల తరువాత, చంద్రయాన్-1 నౌక పంపు సంకేతముల నందుకొనుటకై బెంగుళూరు సమీపమున బ్యాలాలు అనుచోట 32 మీటర్ల వ్యాసము గల ఆంటెన్నా నిలువబడెను. దానిని నిర్మించినది ఈ. సీ. ఐ. ఎల్. సంస్థయే. చంద్రునివద్దనుండి వచ్చిన సంకేతములను విన్న ఆ మహాయంత్రమును చూచు భాగ్యము రావుగారికి కలుగలేదు. కాని, దానిని నిలిపినది ఆయన నాటిన సంస్థ. నాయకుని ఘనత ఆయన యున్నప్పుడు జరిగిన పనివలన కొంతయే తెలియును. లేనప్పుడు జరిగిన పనివలన పూర్తిగా తెలియును.

నేడు మన నగరమున ఎందరో యువజనులు స్టార్టప్పులను పేర క్రొత్త సంస్థలను స్థాపించుచున్నారు. ధనము, యంత్రములు, భవనము వారికి అవసరమే. వానికంటె ముఖ్యము తోడివారిని తమంతటివారినిగా చేయు గుణము. విద్యార్థులారా! ఆటల జట్టుకుగాని, నాటక బృందమునకుగాని మీరు నాయకులైనప్పుడు, “నేను రాని దినమున ఈ పని జరుగునా?” అని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. జరుగునని చెప్పగలిగిననాడు మీరు మంచి నాయకులు.

ప్రశ్నలు

1. అప్సర రియాక్టరునకు నియంత్రణ వ్యవస్థ ఏల అవసరము?
2. ప్రయోగశాలకును కర్మాగారమునకును గల భేదమును వివరింపుము.
3. “వస్తువు పాతబడును గాని, చేతులకు పట్టుబడిన నేర్పు పాతబడదు.” ఈ వాక్యమును పాఠములోని విషయములతో సమర్థింపుము.