ఇంట్లోకి మురుగునీరు వచ్చినప్పుడు...

2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలును ముంచింది. 2020 అక్టోబరులో చెరువులు తెగి హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీల్లోకి వచ్చింది. ఇలాంటప్పుడు వాన నీటితో పాటు మురుగు కూడా గడప దాటుతుంది. నీరు తీసిపోయాక మన ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఇల్లు పాక్ అయిందా? ఇల్లు ఆరోగ్యానికి సురక్షితమేనా? ఈ రెండూ ఒకటి కావు. రెండింటికీ మనం బాధ్యులమే.

నమాజు కోసం

పరిశుభ్రత విశ్వాసంలో సగమని దైవప్రవక్త (సఅసం) బోధించారు (ముస్లిం). నజాసత్ వల్ల రంగు, రుచి, వాసనల్లో ఏ ఒక్కటి మారినా ఆ నీరు నజిస్ అవుతుందని ధర్మవేత్తలు ఏకాభిప్రాయంతో చెప్పారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం, బట్టలకు అంటిన నజాసత్ కంటికి కనిపిస్తుంటే అది పోయేదాకా కడగాలి. కనిపించకపోతే మూడుసార్లు ఉతికి, ప్రతిసారీ పిండాలి. ఎంత ఉతికినా పోని మరకకు మాఫీ ఉంది. నేల ఎండిపోయి, నజాసత్ రంగు, వాసన పోతే దానిపై నమాజు చేయవచ్చు.

అయితే ఇది నమాజుకు సంబంధించిన ఆదేశం. ఎండిన బురదలో రోగక్రిములు మిగిలి ఉండవచ్చు. ఆ నేల మీదే మన పసిపిల్లలు పాకుతారు. కనుక ఎండింది కదా అని ఊరుకోకూడదు.

ఆరోగ్యం కోసం

ముందుగా కరెంటు మెయిన్ ఆపాలి. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీరు పుండ్ల గుండా ఒంట్లోకి చేరితే ఎలుక జ్వరం వస్తుంది. బురద ఎత్తి, సబ్బునీటితో కడిగిన తర్వాతే బ్లీచింగ్ నీళ్లు చల్లాలి. బ్లీచింగులో యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. మురుగులో నానిన దూది పరుపులు, దిండ్లు వదులుకోవడమే మేలు.

సంపును ఖాళీ చేసి, గోడలు తోమి, క్లోరిన్ వేసి శుద్ధి చేయాలి. తాగే నీటిని తెర్లే దాకా కాచి, మూత పెట్టాలి. పాత్రలపై మూతలుంచమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు కూడా (ముస్లిం). క్లోరిన్ వాసన వచ్చే నీటితో వుజూ అవుతుందా అని కొందరు సందేహిస్తారు. అవుతుంది. ఆ వాసన నజాసత్ వల్ల వచ్చింది కాదు. శుద్ధమైన నీరు తాగడానికి మాత్రమే సరిపోయేంత ఉంటే తయమ్ముమ్ చేసుకోవచ్చు.

బియ్యం పారేయడం ఇస్రాఫ్ కాదా?

తల్లులకు కష్టంగా తోచే ప్రశ్న ఇదే. మురుగు తగిలిన బియ్యం, పిండి, మందులు పారేయడం ఇస్రాఫ్ కాదు. ఇస్రాఫ్ అంటే పనికొచ్చేదాన్ని వృథా చేయడం. ప్రాణాన్ని కాపాడుకోవడం షరీఅత్ ముఖ్య లక్ష్యాల్లో ఒకటి. మన చేతులారా మనల్ని నాశనంలోకి నెట్టుకోరాదని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది (2:195). అలాగే, ఆ బియ్యాన్ని పనిమనిషికో పేదవారికో ఇవ్వడం సదఖా కాదు. మనం తీసుకోవడానికి ఇష్టపడని చెడ్డ వస్తువును దానమివ్వవద్దని కూడా అల్లాహ్ ఆదేశించాడు (2:267). మన ఇంటి బురదను పొరుగువారి గుమ్మం ముందుకు తోయడం కూడా వారి హక్కును కాలరాయడమే.

తడిసి చదవడానికి వీలులేని ముస్‌హఫ్‌లను శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పూడ్చాలి.

ఆ తర్వాతి వారాల్లో

విరేచనాలైతే వెంటనే ఓఆర్ఎస్ తాగించాలి. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా వైద్యుని వద్దకు వెళ్లి, వరద నీటిలో తిరిగిన సంగతి చెప్పాలి. గర్భిణుల్లో కామెర్లను అసలే అశ్రద్ధ చేయరాదు. వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఉపదేశించారు.

అల్లాహ్ మన ఇళ్లను పరిశుభ్రతతో, ఆరోగ్యంతో నింపుగాక! ఆమీన్.