తెర మీది సామాను: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా కంప్యూటర్ తెర నిండా ఐకాన్లే. వెనక పెట్టుకున్న పాప ఫొటో కూడా కనిపించడం లేదు. ఏదీ డిలీట్ కాకుండా వాటిని కనబడకుండా చేయొచ్చా?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: చేయొచ్చు. తెర మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, 'వ్యూ'లోకి వెళ్లి, 'షో డెస్క్‌టాప్ ఐకాన్స్' పక్కనున్న టిక్ తీసేయండి. మళ్లీ కావాలంటే అక్కడే టిక్ పెట్టండి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంట్లో ఆ కంప్యూటర్ వాడేవాళ్లు ఇంకెవరైనా ఉంటే మాత్రం ముందు వాళ్లకి చెప్పండి. ఎందుకో ఈ పేజీలోనే ఉన్న హనుమకొండ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: ఐకాన్లు ఎక్కువైతే సిస్టమ్ స్లో అవుతుందంటున్నారు. నిజమేనా?
- ఒక గుమాస్తా, కర్నూలు

జవాబు: పది ఇరవై ఐకాన్లతో ఏమీ కాదు, సీ డ్రైవ్ నిండిపోయిందేమో, ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో చూడండి.

ప్రశ్న: మా నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు. 68 ఏళ్లు. ఆయన కంప్యూటర్ తెర చిందరవందరగా ఉందని మొన్న పండక్కి వెళ్లినప్పుడు 'ఆటో అరేంజ్' పెట్టి, తర్వాత ఐకాన్లన్నీ దాచేశాను. చూడ్డానికి బాగుందని మురిసిపోయాను. నేను ఊరికి వచ్చేశాక ఆయన తెర తెరిచి, ఆరేళ్లుగా టైపు చేసుకున్నదంతా పోయిందనుకున్నారట. రెండు రోజులు సరిగా అన్నం తినలేదని అమ్మ చెప్పింది. ఫోన్లో చెప్పి ఐకాన్లు తెప్పించాను. అయినా 'నావి ఏవీ దొరకడం లేదురా' అంటున్నారు. అన్నీ కళ్ల ముందే ఉన్నాయి కదా, ఎందుకు దొరకవు?
- ఒక ఉద్యోగి, హనుమకొండ

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు బాధ కలిగింది, మీ మీద కోపం కూడా వచ్చింది. మీది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ ఆయన బల్ల ఆయన్ని అడక్కుండా సర్దారు.

మీకు చిందరవందరగా కనిపించినది ఆయనకి లెక్క. కుడివైపు కింద పెన్షన్ కాగితాలు, పైన మూలన తాను టైపు చేసుకున్న రాతలు, మధ్యలో మనవరాలి ఫొటోలు అని ఆయనకి చోటుతో గుర్తు. అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఫైలు పేరు చదివి వెతకరు, చెయ్యి అలవాటుగా ఆ మూలకి పోతుంది. వంటింట్లో మీ అమ్మగారు చీకట్లో కూడా పోపులపెట్టె అందుకుంటారు చూడండి, అలాగ. అసలు ఈ డెస్క్‌టాప్ అన్నది పుట్టిందే ఆ ఆలోచనతో. 1981లో జిరాక్స్ కంపెనీ తెచ్చిన 'స్టార్' అనే యంత్రంలో తెరని ఆఫీసు బల్లలా చూపించి, దాని మీద కాగితం, ఫోల్డర్ బొమ్మలు పెట్టారు. కాగితం ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటుందన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు ఇది. ఐకాన్లు దాచడం వరకే చేసి ఉంటే టిక్ పెట్టగానే ఎక్కడివక్కడ కనిపించేవి. మీరు ముందు 'ఆటో అరేంజ్' పెట్టారు. అది అన్నిటినీ ఎడమవైపు వరసల్లోకి తోసేసింది. అందుకే అన్నీ ఉన్నా ఆయనకి ఏదీ లేదు.

ఈ ఆదివారం వెళ్లండి. ఫోన్లో కాదు, పక్కన కూర్చోండి. 'వ్యూ'లో 'ఆటో అరేంజ్' టిక్ తీసేయండి. మౌస్ ఆయన చేతికే ఇచ్చి, ఒక్కొక్కటీ ఎక్కడ కావాలో ఆయన్నే లాక్కోనివ్వండి. గంట పట్టినా పట్టనివ్వండి. కంట్రోల్ కీ నొక్కిపట్టి మౌస్ చక్రం తిప్పితే ఐకాన్లు పెద్దవవుతాయి, ఆయన కళ్లకి సుఖం.

ఇంకో పని ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. డెస్క్‌టాప్ అనేది మామూలుగా సీ డ్రైవ్‌లో ఉండే ఒక ఫోల్డర్. విండోస్ పాడైనప్పుడు రిపేరు షాపులో ఫార్మాట్ కొట్టేది ఆ డ్రైవ్‌నే. కొన్నేళ్ల కిందట నా కంప్యూటర్ రిపేరుకి ఇచ్చినప్పుడు 'ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా' అని షాపు అబ్బాయి అడిగాడు. 'అన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి' అన్నాను. డెస్క్‌టాప్ మీద మూడేళ్ల రాతలున్నాయి. తిరిగి రాలేదు. మీ నాన్నగారు ఆ రెండు రోజుల్లో భయపడి ఏ షాపుకో తీసుకెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

కాబట్టి ఆయన ఆరేళ్ల పని మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. మూలన చిన్న బాణం గుర్తున్న ఐకాన్ అసలు ఫైలు కాదు, షార్ట్‌కట్. దాన్ని కాపీ చేస్తే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేది దారి చూపే చీటీ మాత్రమే. ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఏమీ రాదు. భద్రంగా దాచుకున్నామనుకుని బాణాలు దాచుకున్నవాళ్ల ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి. కాపీ అయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌ని మీ కంప్యూటర్‌లో పెట్టి, రెండు మూడు ఫైళ్లు తెరిచి, ఆయన టైపు చేసిన పేజీ కనిపిస్తోందని ఆయనకే చూపించండి. అప్పుడు అన్నం తింటారు.

ప్రశ్న: మాది చిన్న నెట్ సెంటర్. వచ్చినవాళ్ల ఆధార్, మార్కుల మెమోలు డెస్క్‌టాప్ మీదే పేరుకుపోతున్నాయి. ఐకాన్లు దాచేస్తే సరిపోతుందా?
- ఒక నిర్వాహకుడు, నంద్యాల

జవాబు: సరిపోదు. దాస్తే మీ కంటికి కనబడవు, అంతే. ఆ కుర్చీలో కూర్చున్న ఎవరైనా ఫోల్డర్ తెరిచి చూడొచ్చు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోకండి. అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే ఉన్న మార్కుల మెమోలో పేరు ఉంటుంది, చాలావాటిలో పుట్టిన తేదీ కూడా ఉంటుంది. తాళం పక్కనే తాళంచెవి పెట్టినట్టు.

ప్రింటు చేతికిచ్చి డబ్బులు తీసుకునేటప్పుడే, ఆ మనిషి ఎదుటే, ఫైలు మీద షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. వట్టి డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లోకి పోయి కూర్చుంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో రెండో కాపీ ఉంటుంది, అదీ తీసేయండి. వాళ్లు తెరిచిన వాట్సాప్ వెబ్ లాగౌట్ చేయించండి. నంబరు మొత్తం అక్కర్లేని పనులకి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుందని చెప్పండి. చాలామందికి అది ఉందనే తెలియదు. కూలి మానుకుని మీ దగ్గరికొచ్చే మనిషి మిమ్మల్ని నమ్మి కాగితం చేతికిస్తున్నాడు. పాతవి ఈ రాత్రే తీసేయండి, వారం ఆగకండి.

ప్రశ్న: నాది మ్యాక్. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తే నా ఫైళ్లన్నీ అందరికీ కనబడుతున్నాయి.
- ఒక ఇంజినీరు, డాలస్

జవాబు: తెర మొత్తం కాకుండా కావాల్సిన విండో ఒక్కటే షేర్ చేయండి. 2023లో వచ్చిన సొనోమా లేక ఆ తర్వాతిది ఉంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'డెస్క్‌టాప్ అండ్ డాక్'లో డెస్క్‌టాప్ మీది ఐటమ్స్ చూపించే టిక్ తీసేయొచ్చు. 2018 నాటి మొహావీ అయితే రైట్ క్లిక్ చేసి 'యూజ్ స్టాక్స్' పెట్టండి, ఒక రకం ఫైళ్లన్నీ ఒక దొంతరలోకి చేరతాయి.