రాజ్యసభ రాష్ట్రముల సభయేనా?

మన పార్లమెంటునందు రెండు సభలున్నవనియు, లోక్‌సభ ప్రజలదనియు, రాజ్యసభ రాష్ట్రములదనియు పాఠశాల విద్యార్థియు చెప్పగలడు. మొదటి మాట నిర్వివాదము. 543 నియోజకవర్గముల ఓటర్లు నేరుగా ఎన్నుకొను సభ అది. రెండవ మాట ఎంతవరకు నిజమో పరిశీలింపవలసియున్నది.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. తెలుగున రాజ్యమనగా రాజు ఏలు దేశము. హిందీలో 'రాజ్య' అనగా మనము రాష్ట్రమని పిలుచునదియే. 1952లో ఏర్పడిన ఈ సభకు 1954లో ఆ హిందీ పేరు స్థిరపడినది. మన ఉర్దూ విద్యార్థులెరిగిన 'ఐవానె బాలా' అను పేరు ఎగువ సభయని తెలుపునే గాని, ఎవరి సభయో తెలుపదు.

అమెరికా సెనేటులో పెద్ద రాష్ట్రమునకైనను చిన్న రాష్ట్రమునకైనను ఇద్దరే సభ్యులు. మన రాజ్యాంగ నిర్మాతలు ఆ సమానత్వమును స్వీకరింపలేదు. నాల్గవ షెడ్యూలు ప్రకారము ఉత్తరప్రదేశ్‌కు 31 స్థానములు, సిక్కింకు ఒకటి. అనగా లోక్‌సభను నిర్ణయించు జనసంఖ్యయే ఇచ్చటను చాలవరకు నిర్ణయించుచున్నది. ఎన్నుకొనువారు శాసనసభ్యులగుటచే, రాష్ట్ర ప్రాతినిధ్యమనునది ఆచరణలో రాజకీయ పక్షముల ప్రాతినిధ్యమగుచున్నది. పైగా అభ్యర్థి ఆ రాష్ట్రపు ఓటరై యుండవలెనను నియమమును 2003లో చట్టసవరణ ద్వారా తొలగించిరి. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించినది. అది రాజ్యాంగసమ్మతమే యైనను, సభ పేరునకు గల అర్థము కొంత పలుచబడినదని నా అభిప్రాయము.

అట్లని ఈ సభ నిరర్థకమనరాదు. ద్రవ్యబిల్లును 14 దినములకు మించి ఆపజాలదు, నిజమే. కాని రాజ్యాంగ సవరణకు దీని ఆమోదము తప్పనిసరి. సంయుక్త సమావేశమున దీనిని దాటిపోవుటకు వీలులేదు. జాతీయ ప్రయోజనార్థము రాష్ట్ర జాబితాలోని అంశముపై పార్లమెంటు శాసనము చేయుటకు 249వ అధికరణము క్రింద అనుమతించు తీర్మానము రాజ్యసభదే. హాజరై ఓటుచేసిన సభ్యులలో మూడింట రెండు వంతులైనను దానిని బలపరుపవలెను.

మరి రాష్ట్రపు ఉనికియే ప్రశ్నయైనప్పుడో? 3వ అధికరణము ప్రకారము రాష్ట్ర శాసనసభ అభిప్రాయము కోరవలెను, అంగీకారము అక్కరలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరించినను, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దానిని ఆమోదించినవి. రాష్ట్రపు మాటకు ఇంతేనా విలువ యని కొందరు బాధపడిరి. కాని శాసనసభ సమ్మతియే షరతైయుండిన, తెలంగాణ ప్రజల దశాబ్దముల కోరిక ఎన్నటికి నెరవేరెడిది? ఉమ్మడి రాష్ట్రమునకు రాజ్యసభలో నుండిన 18 స్థానములు పిమ్మట ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7గా పంచబడినవి.