‘క్రీప్’ గీతము: తొలి తీర్పు, తుది తీర్పు

ఇంగ్లండుకు చెందిన ‘రేడియోహెడ్’ అను రాక్ బృందము 1992 సెప్టెంబరులో ‘క్రీప్’ అను గీతమును విడుదల చేసినది. ప్రేమించిన వ్యక్తి యెదుట తన్ను తాను అల్పునిగా భావించుకొను యువకుని ఆవేదనయే అందలి వస్తువు. పల్లవికి ముందు జానీ గ్రీన్‌వుడ్ గిటారుపై మ్రోగించిన కర్కశధ్వని ఆ వేదనకు అద్దము పట్టును.

బి.బి.సి. రేడియో వన్ దానిని మితిమీరిన విషాదగీతముగా నెంచి, ప్రసారమున తగిన చోటీయలేదు. స్వదేశమున రికార్డులు స్వల్పముగానే అమ్ముడుపోయినవి. కాని ఇజ్రాయెల్ రేడియోలోను, పిమ్మట అమెరికా రేడియో కేంద్రములలోను ఆ పాట మారుమ్రోగినది. 1993లో మరల విడుదలై, బ్రిటిష్ పట్టికలో 7వ స్థానము నందుకొన్నది.

పాట అదియే, బాణీ అదియే, మారినది వినువారి మనస్సు మాత్రమే. విద్యార్థులు తొలి తిరస్కారమును తుది తీర్పుగా నెంచరాదు. తీర్పు చెప్పు పెద్దలును, త్రోసిపుచ్చుటకు పూర్వము మరియొకమారు వినవలెను.