పోగు పేరు చెప్పనివ్వు

పోచంపల్లి

చిరంజీవి బుజ్జికి,

బిడ్డా, నార్వే నుంచి నువ్వు పంపిన పట్టీ ఫోటోను కోడలితో పెద్దది చేయించుకుని చూశాను. ‘రంగులన్నీ పాడయ్యాయి, కోసేస్తా’ అన్నావట. కత్తెర పక్కన పెట్టు. నిరుడు వచ్చినప్పుడు పేకముక్కల నాలుగు మూలలకూ చిల్లులు పొడిచి, పడుగు పోగులెక్కించి, నాకీ నేత నేర్పింది నువ్వే. యాభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాణ్ణి, నాకిదొక లెక్కా అనుకున్నాను. మొదటి మూరలోనే ఈ తప్పులన్నీ నేనూ చేశాను.

ముందు తప్పు ఎక్కడ మొదలైందో చూడు. ఎడమ నుంచి ఏడో వరుసలో, తెలుపు ఉండాల్సిన చోట పసుపు చుక్క. లెక్కపెట్టాను, సరిగ్గా నాలుగో పేకకోసారి వస్తోంది. ముక్కను పావు వంతు తిప్పినప్పుడల్లా ఒక చిల్లిలోని పోగు పైకొస్తుంది కాబట్టి, నాలుగుకోసారి వచ్చే తప్పు ఒక్క పోగుదే. ఆ పోగు ఒక్కటే తెంపి, అదే చిల్లిలో తెల్ల పోగు దూర్చి, అవతలి కొసన ముడేయి. ఇవతల నేసిన చోట గుండుసూది గుచ్చి దానికి చుట్టు. నాలుగు వేళ్ల మేర నేశాక సూది తీసి, కొసను వెనక్కి దూర్చెయ్యి.

పదకొండో వరుస కథ వేరు. జానెడు దాకా బాగానే ఉంది, అక్కడి నుంచి పక్కవాటి కంటే ఒకడుగు ముందు నడుస్తోంది. ఆ ముక్క ఒక తిప్పు ఎక్కువ తిరిగింది. పేక లాగుతూ, ముక్కలను వెనక్కి తిప్పుతూ అక్కడిదాకా విప్పు. మళ్లీ జరగకుండా ముక్కలన్నిటికీ ఒకే అంచున స్కెచ్‌పెన్‌తో గీత పెట్టు. ఒకటి పక్కకు పోతే గీత తెగి కనిపిస్తుంది. తిప్పే దిశ మార్చిన చోట రంగు కాస్త పొడుగ్గా కనిపించడం మాత్రం తప్పు కాదు, ఈ నేత స్వభావమే అంత. దాన్ని విప్పకు.

అంచున ఎర్రచుక్కలంటావా, అది పేక రంగు. నడిమధ్య పడుగు కప్పేస్తుంది గానీ, అంచున పేక తిరిగే చోట దాగదు. కండెకు అంచు పోగు రంగు నూలే చుట్టుకో.

ఇక మధ్యలో పువ్వు కనిపించకపోవడానికి కారణం లెక్క తప్పడం కాదు. మెరూన్ పక్కన ముదురాకుపచ్చ వేశావు. చేతిలో రెండూ వేరే, నేతలో రెండూ ఒకటే చీకటి. ఫోటోను నలుపు తెలుపు చేసి చూడు, పువ్వు మాయమవుతుంది. మన తేలియా రుమాళ్లు ఎరుపు, నలుపు, తెలుపుతోనే ఎంత దూరం నుంచైనా పలుకుతాయి. ముదురు పక్కన లేత ఉండాలి, అంతే.

ఇంకా తడపలేదన్నావు, మంచిది. ముందు ఎర్ర నూలు ముక్కను తడిపి తెల్లబట్టలో పెట్టి నొక్కు. రంగంటితే వచ్చేసారి నూలును నేతకు ముందే వేడి సబ్బునీళ్లలో, నీళ్లు తేటపడేదాకా ఉతుకు. వెనిగర్ వేస్తే నిలుస్తుందని ఎవరన్నా చెబితే వినకు, నూలు మీద అది పనిచేయదు.

మీ దేశంలో ఓసెబెర్గ్ ఓడ సంగతి నువ్వే చెప్పావు. 834లో పూడ్చిన ఆ ఓడను 1904లో తవ్వితే నీ పేకముక్కల్లాంటి 52 చెక్క పలకలు దొరికాయని, వాటి మీద పట్టీ సగం నేతలో ఉందని. అది నేస్తున్నది ఎవరో గానీ, మిగతాది నేయడానికి వీల్లేకపోయింది. నీకేమైంది? తప్పు మొదలైన చోటిదాకా విప్పితే సరిపోయే పని.

ఆ పసుపు పోగు మార్చాక ఫోటో పంపు. ఈసారి ఏడో వరుసే ముందు చూస్తాను.

మీ పెద్దనాన్న