బయానా ఇచ్చే ముందు టేపు

అమ్మలూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు "అంతా చూసుకున్నారుగా, కానివ్వండి" అనేశాను. ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, కొలత సంగతి నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

మీరు కొనబోయే గుంటూరు ఇంటికి ముప్పై ఏళ్ల ఈసీ తీయించారు, లాయరుగారు లింకు డాక్యుమెంట్లు చూసి బాగున్నాయన్నారు. మంచిదే. కానీ ఈసీలో ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు తెలుస్తాయి, నేల మీద నిజంగా ఎన్ని గజాలున్నాయో తెలియదు. లాయరుగారు కాగితం చదువుతారు, టేపు పట్టుకోరు. ఇంతమంది చూశారు గానీ ఆ నేల చివరిసారి ఎప్పుడు కొలిచారో మీలో ఎవరికీ తెలియదు.

నవ్వకు గానీ, సర్వే శాఖలో ఉద్యోగమంతా ఊళ్ల వెంట గొలుసు లాగించినవాణ్ణి, నా ఇంటి స్థలం కొలవకుండా కొన్నాను. అమ్మినాయన స్నేహితుడు. ఆయన ముందు టేపు తీస్తే ఏమనుకుంటాడోనని మొహమాటం. ఆరేళ్లకి ప్రహరీ కడదామని కొలిస్తే వెనక రెండడుగులు లేదు. ఆయన మోసగాడేం కాదు, ఆయనా కొలవకుండానే కొన్నాడు. మీ అత్తయ్య ఆ రెండడుగుల మాట ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటుంది.

ఆ గుంటూరు ఇంటి దస్తావేజులో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, వెరసి 200 గజాలు అని ఉందన్నావు. రోడ్డు వైపు 30 సరిగ్గానే ఉంటుంది, అందరూ కొలిచేది అక్కడే. వెనక 28 ఉందనుకో, 1800 చదరపు అడుగులు కాస్తా 1740 అవుతుంది. అంటే ఆరున్నర గజాల పైన పోయినట్టు. గజం 40,000 అంటున్నావు కాబట్టి 2,66,000 దాకా గాలికి ఇచ్చినట్టే. నాలుగు వైపులా కొలిచి ఊరుకోకు, మూల నుంచి మూలకి కూడా పట్టించు. 30కి 60 స్థలంలో రెండు మూలకొలతలూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. అందులో తేడా వచ్చిందంటే నాలుగు భుజాలూ సరిపోయినా స్థలం పక్కకి వాలి ఉన్నట్టు. వాలిన కొద్దీ గజాలు తగ్గుతాయి.

మధ్యలో ఒక మాట. మీరు కొనే ఇంటి ప్రహరీ ఈశాన్యం మూల కాస్త ముందుకి తోసుకొచ్చినట్టు ఉందేమో చూడు. ఈశాన్యం పెరగాలని రోడ్డులోకో, పక్కవాళ్ల స్థలంలోకో అడుగు జరిపి కట్టినవాళ్లని నా ఉద్యోగంలో బోలెడుమందిని చూశాను. కాలవ తవ్వేటప్పుడు మునిసిపాలిటీవాళ్లు ఆ గోడే ముందు కొట్టేస్తారు. వాస్తు బాగుందని ఆ మూలకి కూడా డబ్బు కట్టించుకుంటారు, జాగ్రత్త.

అది పాత లేఅవుటు కదా. సర్వేవాళ్ల ఎఫ్ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, సర్వే నంబరు, సబ్ డివిజన్ హద్దులే ఉంటాయి, లోపలి ప్లాట్లు సాధారణంగా కనబడవు. కాబట్టి ముందు సర్వే నంబరు హద్దు రాళ్లు దొరకాలి, అక్కణ్ణించి లేఅవుటు ప్లాను ప్రకారం మీ ప్లాటు దాకా కొలుచుకుంటూ రావాలి. ఒక్కో ప్లాటువాడు రెండేసి అంగుళాలు ఎక్కువ వేసుకుంటే ఆ లోటంతా వరస చివరివాడి నెత్తిన పడుతుంది. మీది వరసలో ఎన్నోదో రాయి. రాళ్లు దొరక్కపోతే లైసెన్సు సర్వేయర్ని పెట్టుకోండి. సర్వే నంబరు హద్దు దగ్గరే తగువుంటే అర్జీ పెట్టాలి, మేం దాన్ని ఎఫ్-లైన్ అర్జీ అంటాం. ఆ కొలతకి చుట్టుపక్కలవాళ్లకి నోటీసులు వెళ్తాయి. వాళ్లకి నోటీసు ఇవ్వకుండా కొలిచిన కొలత తర్వాత తగువులో నిలబడదు. రాయి పోయిందంటే నమ్మేసి ఊరుకోకు. ఒక ఊళ్లో రెండు రోజులు వెతికిన రాయి చివరికి ఒకరి దొడ్లో బట్టలుతికే బండగా దొరికింది నాకు!

ఇంకో లెక్క. సెంటు అంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. నోటిమాటన సెంటుని యాభై గజాలు చేసేస్తారు. పాత దస్తావేజులో 5 సెంట్లు అని ఉంటే 242 గజాలే, 250 కాదు.

దస్తావేజులో హద్దులకీ విస్తీర్ణానికీ పొత్తు కుదరకపోతే, హద్దులు స్పష్టంగా ఉన్నప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. 200 గజాలని రాసి ఉంది కదా అంటే కుదరదు, ఆ నాలుగు హద్దుల మధ్య 193 ఉంటే నీకు దక్కేది 193. అందుకే అగ్రిమెంటులోనే "కొలతలో తగ్గితే గజానికి ఇంత చొప్పున ధర తగ్గించాలి" అని రాయించు. రిజిస్ట్రేషన్ అయ్యాక తప్పు బయటపడితే సవరణ దస్తావేజుకి అమ్మినాయన మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బు ముట్టిన మనిషి ఎంత తీరిగ్గా వస్తాడో నీకు చెప్పక్కర్లేదు.

ఇక మీరు అమ్మబోయే ఊళ్లోని మీ నాన్న ఇల్లు. అసలు నాకు నిద్ర పట్టనిది దీని గురించే. అది గ్రామకంఠం. పాత సర్వేల్లో ఊరి నివాసస్థలాన్ని మొత్తంగా ఒక ముక్కగా వదిలేశారు, ఇంటింటికీ నంబరు వేయలేదు. మీ తాతగారి దస్తావేజులో ఉన్నవి హద్దులే: తూర్పు రాజబాట, పడమర ఫలానావారి దొడ్డి. ఆ ఫలానావారు పోయి నలభై ఏళ్లు. వాళ్ల వారసులు ఎవరో కనుక్కుని, వాళ్లని అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడాలి.

అందులో చిక్కు ఉత్తరం గోడ దగ్గర ఉంది. పెంకుటిల్లు ఉన్న రోజుల్లో చూరు నీళ్లు పడేంత మేర, అడుగున్నర దాకా, గోడ అవతల వదిలారు. ఆ జాగా మీదే. మీ నాన్న పెంకులు తీసి స్లాబు వేసినప్పుడు చూరు పోయింది, దాంతో పాటే ఆ అడుగున్నర సంగతీ మరిచిపోయారు. పక్కింటివాళ్లు అక్కడ కొళాయి గట్టు కట్టుకున్నారు, నేను చూశాను. ఇప్పుడు అది మనదేనని కొనేవాడికి రాసిచ్చావా, నువ్వు చేతులు దులుపుకున్నాక అతను వాళ్లతో కొట్లాడాలి. పక్కవాళ్లతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకో. ఒప్పుకోకపోతే ఆ మేర వదిలేసి, గోడ వరకే కొలిచి రాయి. ధర కొంచెం తగ్గుతుంది, తగ్గనీ. మీ నాన్న ఉన్నా అదే చేసేవాడు.

ఊళ్లో రీసర్వే అయిందో లేదో కూడా సచివాలయంలో అడుగు. 2020 డిసెంబరులో మొదలుపెట్టిన రీసర్వే పూర్తయిన చోట్ల పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం నంబర్లు (ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు) వచ్చాయి. ఇంటితో పాటు అమ్ముతున్న ఆ పదిహేను సెంట్ల దొడ్డి గ్రామకంఠం బయట ఉంది కాబట్టి, పాత నంబరుకి కొత్త నంబరు ఏదో, విస్తీర్ణం అంతే చూపిస్తున్నారో లేదో చూసుకున్నాకే దస్తావేజు రాయించు.

శనివారం పొద్దుటి బస్సుకి గుంటూరు వస్తున్నాను. స్టీలు టేపు నేనే తెస్తాను, మీరు కొనకండి. నూలు దారం ఉండ ఒకటి, మేకులు నాలుగు సిద్ధంగా ఉంచండి. వాళ్లు తొందరపెట్టినా ఆదివారం దాకా బయానా ఇవ్వకు. పెళ్లి ముహూర్తం కాదుగా, రెండు రోజులు ఆగుతారు.

ఇట్లు
మీ మామయ్య