వాకిట్లో వార్తలు, వంటింట్లో పాటలు

సందేహాలు - సమాధానాలు

"మాది పాత పెంకుటిల్లు. యాంప్లిఫయర్‌కు ముందు అర్రల రెండు, వంటింట్ల రెండు, వాకిట్ల రెండు స్పీకర్లు కలిపినం. అరగంట పాడి ఆగిపోతున్నది. చల్లారితే మళ్ల వస్తది. బాపుకు పొద్దున రేడియో వార్తలు కావాలె, వంటింట్ల పాటలు కావాలె. కొత్తది కొనాల్నా?"
- ఒక పాఠకుడు, జనగామ

తొందరపడి కొనకండి. యాంప్లిఫయర్ పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది. మామూలు స్పీకర్ 8 ఓమ్స్ ఉంటుంది. ఒకే ఛానల్‌కు అలాంటివి రెండు సమాంతరంగా కలిపితే 4 ఓమ్స్ అవుతుంది, మూడు కలిపితే 2.7కు దిగుతుంది. ఓమ్స్ తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. ఇళ్లలో వాడే యాంప్లిఫయర్లు చాలావరకు 4 కన్నా కిందికి తట్టుకోవు. వాకిలి స్పీకర్లు ఈరోజే తీసేయండి. స్పీకర్ మీద అంకె చెరిగిపోతే, తీగలు విప్పి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్స్ స్పీకర్ దాదాపు 6 చూపిస్తుంది. 3 చూపించిందంటే అది 4 ఓమ్స్‌ది. అలాంటివైతే రెండు జతలు కూడా భారమే.

ఇక బాపు సంగతి. ఒక్క యాంప్లిఫయర్ అన్నిచోట్లా ఒకటే వినిపిస్తుంది. ఆయన ఆకాశవాణి వరంగల్ వింటుంటే వంటింట్లోనూ అవే వార్తలు వస్తాయి. అందుకే వాట్ల లెక్కకన్నా ముందు, ఇంట్లో అందరికీ ఒకే పాటా, ఎవరిది వాళ్లకా అన్నది తేల్చుకోమంటాను. మీ ఇంటికైతే వాకిట్లో ఎఫ్‌ఎం ఉన్న చిన్న సెట్టు విడిగా పెట్టడమే మేలు. పెద్దాయన లేవకుండా చేతికందే మీట ఉండాలి. ఫోన్‌లో యాప్ తెరిస్తేనే పలికే సెట్టు ఆయనకు ఇవ్వకండి. వంటింటికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగండి. 15 మీటర్ల దాకా ఢోకా లేదు.

"డాబా ఇల్లు, రెండంతస్తులు. కింద ఒకటి, పైన ఒకటి వేర్వేరు కంపెనీల బ్లూటూత్ స్పీకర్లు పెట్టాం. పైది తెగిపోతుంటుంది, రెండూ కలిసి పాడవు."
- ఒక పాఠకురాలు, మహబూబాబాద్

స్లాబులోని ఇనుము, గోడలు బ్లూటూత్‌ను మింగేస్తాయి. పైగా ఏ స్పీకర్ ఆలస్యం దానిది. సెకనులో పదో వంతు తేడా వచ్చినా, ఒకటి 34 మీటర్ల అవతలి నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. రెండంతస్తుల్లో ఒకే పాట కావాలంటే ఒకే కంపెనీ వైఫై స్పీకర్లు తీసుకోండి. రూటర్‌ను మెట్ల దగ్గరికి మార్చండి. గోడలు దాటడంలో 5 కన్నా 2.4 గిగాహెర్ట్జ్ నయం.

"సింగరేణి క్వార్టర్, రెండే గదులు. మా ఆయన నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకుంటారు. పిల్లలకు పాటలు కావాలి. వూఫర్ ఉన్న సెట్టు కొనవచ్చా?"
- ఒక పాఠకురాలు, భూపాలపల్లి

వద్దమ్మా. 50 హెర్ట్జ్ ధ్వని అల దాదాపు 7 మీటర్ల పొడవు, మీ గదికన్నా పెద్దది. తలుపు వేసినా, గోడ అడ్డమున్నా ఆ దడదడ మంచం దాకా వస్తుంది. రాత్రంతా గనిలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ నిద్ర ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. వూఫర్ లేని చిన్న స్పీకర్ తీసుకుని పిల్లలకు దగ్గరగా పెట్టండి. దూరం సగమైతే 6 డెసిబెల్స్ దాకా కలిసొస్తాయి, అంత తక్కువ శబ్దంతోనే పాట నిండుగా వినిపిస్తుంది. గోడకు ఆనించకండి, కింద మడతపెట్టిన దుప్పటి వేయండి. గుండ్రటి వాల్యూమ్ మీట ఉన్నదే ఏరుకోండి.

ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఒకసారి పాట పెట్టి, పడక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఆయన దిండు మీద తల ఆనించి వినండి. పాట వినపడకుండా పోయేదాకా పెద్దపిల్లను మీట తగ్గించమనండి. అది ఎక్కడ ఆగిందో అక్కడ ఒక బొట్టుబిళ్ల అంటించండి.